తాళపుచెవి లేని తాళం

మన పెద్దల ఇళ్ళలో తాళపుచెవుల గుత్తికి రాజముద్రికకు ఉన్నంత గౌరవం ఉండేది. ఇల్లాలు దానిని కొంగున ముడివేసుకొని గాని, నడుమున దోపుకొని గాని తిరిగేది. ధాన్యపు కొట్టుదీ, వంటసామాను గదిదీ, నగలు దాచిన భోషాణానిదీ, అన్ని చెవులూ ఆ గుత్తిలోనే ఉండేవి. అత్తగారు దానిని కోడలి చేతిలో పెట్టిన నాడు ఇంటి పెత్తనం చేతులు మారినదని ఊరంతా గ్రహించేది.

ఈనాడు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్టణంలోనో కొత్తగా కట్టిన ఇళ్ళను చూడండి. కొన్ని తలుపులకు చెవి దూర్చే కన్నమే కనబడదు. దాని స్థానంలో అంకెల పలకయో, వేలిముద్రను గుర్తుపట్టే చిన్న బిళ్ళయో, కార్డును తాకించే చోటో ఉంటుంది. ఇటువంటి ఎలక్ట్రానిక్ తాళాలలో కొన్ని ఇళ్ళ కోసమే చేసినవి. మరి కొన్ని హోటళ్ళకు, కార్యాలయాలకు, ఆసుపత్రులకు ఉద్దేశించినవి. ఈ రెండవ రకం బరువైనవి, ఖరీదైనవి. అయినా కొందరు గృహస్థులు కోరి వాటినే తెచ్చి ఇంటి తలుపుకు బిగించుకొంటున్నారు. “రోజుకు వందమంది తెరిచే తలుపుకు తట్టుకొన్న తాళం, నలుగురు తెరిచే మా తలుపుకు కలకాలం ఉండదా?” అన్నది వారి వాదం.

ఈ వాదంలో నిజం ఎంత? సమాధానం తాళం చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్రను పరికిస్తే ఒక సంగతి తేటపడుతుంది. మేలైన తాళం మొదట ఇంటి కోసం పుట్టలేదు. రాజభవనానికో, ఓడరేవుకో, బ్యాంకుకో, హోటలుకో పుట్టి, తరువాత ఇల్లు చేరినది. వచ్చిన ప్రతిసారీ తన బలాన్ని వెంట తెచ్చినది. కాని అక్కడ దానిని కనిపెట్టుకొని ఉన్న మనుషులను మాత్రం వెంట తీసుకొని రాలేదు.

ప్రాచీన ఈజిప్టులోను, అస్సీరియాలోను కొయ్యతాళాలు వాడుకలో ఉండేవి. నేటి ఇరాకులోని ఖోర్సాబాద్ వద్ద, క్రీ. పూ. 8వ శతాబ్ది నాటి సార్గన్ చక్రవర్తి భవన శిథిలాలలో అటువంటి తాళం ఆనవాళ్ళు బయటపడినవి. దాని పనితనం సులువైనదే. తలుపుకు అడ్డంగా జరిగే గడియలో రంధ్రాలుంటాయి. గడియపై నున్న పెట్టెలోని కొయ్యచీలలు తమ బరువుకే ఆ రంధ్రాలలోకి జారి, గడియను కదలనీయవు. పళ్ళున్న కొయ్యచెవిని లోనికి దూర్చి పైకెత్తితే చీలలన్నీ లేస్తాయి, గడియ జారుతుంది. ఆ చెవి ఎంత పెద్దదంటే దానిని భుజాన వేసుకొని నడిచేవారట. బైబిలులోని యెషయా గ్రంథంలో భుజంపై ఉంచిన తాళపుచెవి ప్రస్తావన ఉన్నది.

చెవి లేకుండా తెరుచుకొనే తాళం కూడా మనం అనుకొన్నంత కొత్తది కాదు. క్రీ. శ. 1206లో అల్ జజరీ అనే యంత్రశిల్పి తన గ్రంథంలో ఒక పెట్టెను వర్ణించినాడు. దాని మూతపై నాలుగు చక్రాలున్నవి. వాటిని నిర్ణయించిన అక్షరాల వద్దకు తిప్పితేనే మూత లేస్తుంది. అనగా, చేతిలోని వస్తువుకు బదులు మనసులోని రహస్యమే తాళపుచెవి కావచ్చునన్న భావం ఎనిమిది శతాబ్దాల క్రిందటిది.

ఇక ఆధునిక యుగానికి వద్దాం. 1784లో జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లీషు యంత్రజ్ఞుడు ఒక కొత్త తాళానికి పేటెంటు పొందినాడు. లండనులోని పికడిల్లీ వీధిలో ఉన్న తన దుకాణం కిటికీలో దానిని ఉంచి, చెవి లేకుండా తెరిచిన వారికి 200 గినీల బహుమానమని పలక వ్రాయించినాడు. ఆ సవాలు దశాబ్దాల పాటు నిలిచినది.

ఇంతలో 1817లో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో దొంగలు మారుచెవులతో ప్రవేశించి దోచుకొన్నారు. తన చెవితో తప్ప మరి దేనితోను తెరుచుకోని తాళాన్ని చేసిన వారికి 100 పౌన్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించినది. ఆ ఊరివాడే అయిన జెరెమియా చబ్ 1818లో దానికి పూనుకొని గెలిచినాడు. అతని తాళంలో ఒక విశేషమున్నది. ఎవరైనా దొంగచెవితో కెలికితే లోపలి మీట ఒకటి హద్దు మించి లేచి ఇరుక్కొనిపోతుంది. తరువాత యజమాని వచ్చి అసలు చెవి పెట్టినా వెంటనే తిరగదు. ఎవరో చేయి పెట్టినారని అతనికి అప్పుడే తెలుస్తుంది. దొంగను ఆపటమే కాక, వచ్చి పోయిన సంగతిని చెప్పటం కూడా తాళం పనే అని లోకం నేర్చుకొన్నది.

1851లో లండను హైడ్ పార్కులో మహాప్రదర్శనం జరిగినది. అమెరికా నుండి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చినాడు. వెస్ట్‌మినిస్టర్‌లో ఒక ఇనుపగది తలుపుకున్న చబ్ తాళాన్ని సాక్షుల యెదుట 25 నిమిషాలలో తెరిచినాడు. 7 నిమిషాలలో మళ్ళీ వేసినాడు. పిమ్మట బ్రామా తాళానికి పూనుకొన్నాడు. 16 రోజులలో మొత్తం 51 గంటలు శ్రమించి దానినీ తెరిచి, 200 గినీలూ పుచ్చుకొన్నాడు. ఇంగ్లాండులో గగ్గోలు బయలుదేరినది. తాళాల లోపాలను ఇట్లా బయటపెడితే దొంగలకు చదువు చెప్పినట్లు కాదా అని కొందరు నిందించినారు. దొంగలకు ఆ చదువు ముందే వచ్చు, తెలియనిది యజమానులకే అన్నది హాబ్స్ పక్షం. ఆ వివాదం నేటికీ తీరలేదు.

మన ఇళ్ళలో పరిచితమైన చిన్న బల్లపరుపు చెవి పుట్టుక కూడా వ్యాపారస్థలమే. అమెరికాలో లైనస్ యేల్ అనే తండ్రీ కొడుకులు బ్యాంకు తాళాలు చేసేవారు. ఈజిప్టు కొయ్యచీలలనే సన్నని లోహపు చీలలుగా మార్చి, వాటికి స్ప్రింగులు జోడించి, కుమారుడు 1861లోను 1865లోను పేటెంట్లు పొందినాడు. భుజాన మోసిన చెవి అంగీ జేబులో ఇమిడినది. మన దేశంలో 1897లో బొంబాయిలో ఆర్దేశిర్ గోద్రెజ్ తాళాల తయారీని ప్రారంభించినాడు. ఆలీగఢ్, దిండిగల్ తాళాలు ఊరూరా అంగళ్ళ మీదను, ఇళ్ళ మీదను వేలాడినవి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

బ్యాంకులకు మాత్రం చెవి కన్నమే శత్రువైనది. దొంగలు ఆ కన్నంలో మందుగుండు కూరి పేల్చేవారు. కనుక ఇనుపపెట్టెల మీద కన్నం పూడిపోయి, అంకెల చక్రం వచ్చినది. చెవి లేదు, దొంగిలించటానికి వస్తువే లేదు. అప్పుడు దొంగలు ఏమి చేసినారు? 1876 జనవరిలో అమెరికాలోని నార్తాంప్టన్ పట్టణంలో, రాత్రివేళ బ్యాంకు క్యాషియరు ఇంటిలో జొరబడినారు. ఇంటిల్లిపాదినీ కట్టివేసి, అతనిని హింసించి అంకెలు చెప్పించుకొన్నారు. పది లక్షల డాలర్లకు మించిన నగదును, పత్రాలను తీసుకొనిపోయినారు. బ్యాంకు తలుపు గట్టిపడినకొద్దీ అపాయం ఇంటి తలుపు తట్టినది. చెవి లేని తాళానికి రహస్యం తెలిసిన మనిషే చెవి అని ఆ ఘటన చాటినది. దీనికి విరుగుడు అంతకు మూడేళ్ళ ముందే సిద్ధమై ఉన్నది. రాచెస్టర్ నగరవాసి జేమ్స్ సార్జెంట్ 1873లో గడియారంతో కూడిన తాళానికి పేటెంటు పొందినాడు. నిర్ణీతవేళ అయ్యేదాకా అంకెలు తెలిసినవాడు కూడా దానిని తెరవలేడు. అందువలన అతనిని హింసించి ప్రయోజనముండదు. ఇటువంటి తాళాలు త్వరలోనే బ్యాంకులలో వ్యాపించినవి.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ సమస్య హోటళ్ళకు వచ్చినది. బస చేసినవారు లోహపు చెవులను వెంట తీసుకొనిపోయేవారు. వాటికి నకళ్ళు ఎన్ని పుట్టినవో యాజమాన్యానికి తెలిసేది కాదు. 1974లో న్యూయార్కు రాష్ట్రంలోని ఒక వసతిగృహంలో ప్రఖ్యాత గాయని ఒకామె తన గదిలోనే దుండగుని దౌర్జన్యానికి గురి అయినది. తగిన రక్షణ కల్పించని నేరానికి ఆ సంస్థ ఆమెకు 25 లక్షల డాలర్లు చెల్లించవలెనని 1976లో న్యాయస్థానంలో తీర్పు వచ్చినది. గది తాళం యజమాని దయ కాదు, అతని బాధ్యత అని హోటళ్ళు గ్రహించవలసి వచ్చినది.

ఆ దశాబ్దంలోనే నార్వే దేశీయుడు టోర్ సోర్నెస్ రంధ్రాల కార్డుతో తెరుచుకొనే తాళాన్ని కనిపెట్టినాడు. కార్డుపై 32 చోట్ల రంధ్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఈ లెక్కన 429 కోట్లకు పైగా అమరికలు సాధ్యమవుతాయి. కాని దాని గొప్పతనం ఈ సంఖ్యలో లేదు. కొత్త అతిథికి కొత్త కార్డు ఇస్తే పాత కార్డు చెల్లకుండా పోవటంలో ఉన్నది. తలుపు నుండి తాళాన్ని ఊడదీయకుండానే తాళం మారిపోతుంది. తరువాత అయస్కాంతపు పట్టీ కార్డులు, ఆపైన తాకిస్తే చాలునన్న రేడియో కార్డులు వచ్చినవి. నేడు మన ఇంటి తలుపుమీద వెలిగే అంకెల పలక ఈ వంశంలోనిదే.

ఈ తాళం లోపల జరిగేది ఏమి? సామాన్యంగా నాలుగు చిన్న బ్యాటరీలు దీనికి ప్రాణం. బయటి పిడి మామూలుగా గడియతో సంబంధం లేక వట్టిగా ఉంటుంది. సరియైన అంకెలు నొక్కగానే లోపలి చిన్న మోటారు తిరిగి పిడిని గడియతో కలుపుతుంది. గడియను లాగేది మన చేతి బలమే. కనుకనే అంత చిన్న బ్యాటరీలు నెలల తరబడి వస్తాయి. లోపలి పిడికి, గడియకు సంబంధం ఎప్పుడూ తెగదు. బ్యాటరీలు నిండుకొన్నా, పొగ కమ్మినా, లోపల ఉన్నవారు పిడి త్రిప్పి బయటపడవచ్చు. మంచి తాళానికి ఇది మొదటి లక్షణం.

వాణిజ్యస్థాయి అన్న మాటకు అర్థం కూడా తెలుసుకోవాలి. అమెరికా ప్రమాణాలలో తలుపు తాళాలను 1, 2, 3 అని వర్గీకరించినారు. మొదటి వర్గం అత్యున్నతం. లక్షలాది సార్లు తిప్పి చూస్తారు. పిడిపై బరువు వేస్తారు. గడియపై దెబ్బలు కొడతారు. ఈ పరీక్షలకు నిలిచిన తాళం దృఢమైనదనటంలో సందేహం లేదు. కాని దృఢత్వం వేరు, రహస్యం వేరు. కార్యాలయాలలో చాలాకాలంగా వాడుతున్న, విద్యుత్తు అక్కరలేని అయిదు మీటల తాళం ఒకటి ఉన్నది. ఎంతో గట్టిది. అయితే దానిలో సాధ్యమైన అమరికలు 1,082 మాత్రమే. ఒక్కొక్కదానికి అయిదు సెకనులు చొప్పున ఓపికగలవాడు గంటన్నరలో అన్నిటినీ ప్రయత్నించగలడు. వరండాలో కావలివాడు తిరిగే చోట ఆ గంటన్నర దొంగకు దొరకదు. వేసవి సెలవులకు అందరూ ఊరికి వెళ్ళిన ఇంటి ముందు దొరుకుతుంది.

అంకెల పలకకూ ఇటువంటి బలహీనత ఉన్నది. నాలుగు అంకెలకు 10,000 అమరికలు. ఆరు అంకెలకు 10 లక్షలు. కాని ఏళ్ళ తరబడి ఒకే సంఖ్యను నొక్కితే ఆ మీటలు మాత్రమే అరిగి మెరుస్తాయి. ఆ నాలుగు అంకెలు ఏవో తెలిసిన తరువాత మిగిలే వరుసలు 24 మాత్రమే. హోటలులో అతిథి మారినప్పుడల్లా రహస్యం మారుతుంది. ఇంట్లో గృహప్రవేశం నాడు పెట్టిన సంఖ్య, పనివారు మారినా, అద్దెకున్నవారు వెళ్ళినా, అట్లాగే ఉండిపోతుంది.

2012లో హాబ్స్ కథ మరల జరిగినది. లాస్ వేగాస్‌లో జరిగిన ఒక సదస్సులో ఒక యువ నిపుణుడు, లక్షల హోటలు గదులకు బిగించిన తాళాన్ని 50 డాలర్లకు తక్కువ ఖరీదైన పరికరంతో తెరవవచ్చునని చూపినాడు. తాళం అడుగున సిబ్బంది వాడుక కోసం పెట్టిన చిన్న రంధ్రమొకటి ఉన్నది. దాని ద్వారా తాళం జ్ఞాపకంలోని రహస్యాన్ని ఎవరైనా చదువుకొనగలిగినారు. ఆ సంవత్సరమే టెక్సాస్‌లో కొన్ని హోటలు గదులలో దొంగతనాలు జరిగినవి. ఉక్కు వంగలేదు, గడియ విరగలేదు; లోపలి లెక్క తప్పినది. అయితే హోటళ్ళకు మరమ్మతు సిబ్బంది ఉంటారు. రంధ్రాలు మూయించినారు, లోపలి పలకలు మార్పించినారు. అటువంటి వార్త మన ఇంటి తాళాన్ని గురించి వస్తే చదివి చర్య తీసుకొనవలసినవారు ఎవరు? మనమే.

మా బంధువుల ఇంట జరిగిన సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. కుమారుడు విదేశంలో ఉద్యోగి. తల్లి ఒంటరిగా ఉంటుందని, ఉన్నవాటిలోకెల్లా గట్టిదని, కార్యాలయాలకు వాడే ఒక తాళాన్ని తెప్పించి వీధి తలుపుకు బిగించి వెళ్ళినాడు. అటువంటి తాళాలలో ఒక రకం, తలుపు మూసుకొన్న ప్రతిసారీ దానంతట అదే పడుతుంది. సామాను గదికి అది గుణం. ఎవరు మరచినా గది భద్రంగా ఉంటుంది. ఒకనాటి ఉదయం ఆమె పొయ్యిమీద ఎసరు పెట్టి, పాల ప్యాకెట్టు అందుకొనటానికి గడప దాటినది. గాలికి తలుపు మూసుకొన్నది. సంఖ్య వ్రాసిన కాగితం లోపల దేవుని గదిలో ఉన్నది. కుమారుని దేశంలో అది అర్ధరాత్రి. ఫోను ఎవరూ ఎత్తలేదు. పొరుగువారు వెనుక కిటికీ ఊచలలోనుండి కర్రతో పొయ్యి మీట తిప్పి ఆర్పినారు. అపాయమేమీ జరుగలేదు. కాని ఆ గంటసేపు ఆ తల్లి తన ఇంటి ముందే పరాయిదైనది. దొంగను ఆపటానికి చేసిన తాళం ముందుగా ఆపినది ఇంటి యజమానురాలిని.

ఇందులో తాళం తప్పు లేదు. కుమారుని ప్రేమలోను లోపం లేదు. కార్యాలయంలో ఆ తాళం వెనుక ఒక ఉద్యోగి ఉంటాడు. బ్యాటరీలు ఎప్పుడు మార్చవలెనో, ఉద్యోగం మానినవారి సంఖ్యను ఎప్పుడు తీసివేయవలెనో, అత్యవసరపు చెవి ఏ సొరుగులో ఉన్నదో అతనికి తెలుసు. ఆ ఉద్యోగం ఇంట్లో ఎవరిదో నిర్ణయించకుండా తాళాన్ని మాత్రం కొనటమే పొరపాటు.

వాణిజ్యపు తాళాలలో మరొక ఏర్పాటు ఉన్నది. ఎవరి సంఖ్యతో ఏ వేళ తలుపు తెరుచుకొన్నదో అది గుర్తుంచుకొంటుంది. చబ్ మీట చెప్పిన కబురుకు ఇది మునిమనుమడు. ఔషధాల గదికి ఇది అవసరం. ఇంట్లో మాత్రం కాలేజీ నుండి ఆలస్యంగా వచ్చిన కుమార్తె, రాత్రి ఆట చూసి వచ్చిన కుమారుడు ఏ వేళకు వచ్చినారో తాళాన్ని అడిగి తెలుసుకొనటం మొదలుపెడితే, వారిని అడిగి తెలుసుకొనే అలవాటు పోతుంది. అందుచేత ఈ ఏర్పాటును ఎంతవరకు వాడుకొనవలెనో ఇంటిలో అందరూ కలిసి మాట్లాడుకొనటం మంచిది.

వాణిజ్యస్థాయి తాళాన్ని ఇంటికి వద్దనటం నా ఉద్దేశం కాదు. చేతులు వణికే వృద్ధులకు, చీకటిలో కన్నం వెదుకలేనివారికి, బడినుండి వచ్చే పిల్లలకు చెవి లేని తాళం గొప్ప సదుపాయం. గట్టిదే కొనండి. కొనబోయే ముందు తలుపునూ ద్వారబంధాన్నీ ఒకసారి తట్టి చూడండి. పుచ్చిన కొయ్యలో ఉక్కు గడియ దిగవేసి లాభం లేదు. తలుపు మూసినంతనే పడే రకమా, మనం వేస్తేనే పడే రకమా అని దుకాణంలోనే అడగండి. లోపలి పిడి ఏ అంకెలూ లేకుండా తెరుచుకొనవలెను. బ్యాటరీలు చచ్చినప్పుడు బయటనుండి విద్యుత్తు అందించే ఏర్పాటో, లోహపు చెవియో ఉండవలెను. పనివారు మారినప్పుడు సంఖ్య మారవలెను.

ఆనాడు అత్తగారు గుత్తిని కోడలికి అప్పగించినప్పుడు ఏ చెవి దేనిదో, ఏ తాళం మొరాయిస్తుందో, దానిని ఎట్లా బుజ్జగించవలెనో కూడా చెప్పి అప్పగించేది. ఈనాడు మనం అప్పగిస్తున్నది ఆరు అంకెలు. వాటితోపాటు ఆ మాటలు కూడా చెప్పవలసి ఉన్నది. మా బంధువుల ఇంట ఇప్పుడు ఆ తాళమే ఉన్నది. కాని దానంతట అది పడకుండా మార్పించినారు. దానికున్న లోహపు చెవి పొరుగింటి గూటిలో ఉన్నది. సంఖ్యను ఆ తల్లి కంఠస్థం చేసినది. నెలకొకమారు, అన్నీ బాగా ఉన్నప్పుడే, ఒకసారి బయటకు వచ్చి తలుపు మూసి, తానే తెరిచి చూసుకొంటుంది.